ఎస్ఎంపీఎస్ పోయిందా? కొత్తది ఏం చూసి కొనాలి, ఎలా బిగించాలి

బటన్ నొక్కితే చప్పుడు లేదు, లేదా ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోంది, లేదా గేమ్ మొదలెట్టగానే సిస్టమ్ టప్పున ఆగిపోతోంది అంటే ముందు అనుమానం ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మీదే. అలా అని వెంటనే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి బండి తీయకండి. ప్లగ్ పాయింట్ మార్చి చూడండి, కేబుల్ మార్చి చూడండి, వెనకాల చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, మా బావమరిది సిస్టమ్‌కి వచ్చిన రోగం అదే, ఊడుస్తుంటే చీపురు తగిలి స్విచ్ పడిపోయింది.

నిజంగానే పోయిందంటే పాతదాన్ని విప్పి సంచిలో వేసుకుని వెళ్లండి, షాపులో టెస్టర్ పెట్టి నిమిషంలో చెప్పేస్తారు, సైజు కూడా పక్కన పెట్టి చూసుకోవచ్చు. మామూలు ఏటీఎక్స్ (ఎక్కువ డెస్క్‌టాప్‌లలో ఉండే సైజు) అయితే వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు. రీఫర్బిష్డ్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే ఆఫీస్ డెస్క్‌టాప్ కొన్నవాళ్లు మాత్రం జాగ్రత్త, డెల్, హెచ్‌పీ చిన్న మోడల్స్ చాలావాటిలో సైజూ వేరే, కనెక్టర్లూ వేరే, మామూలుది పట్టదు.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూసి కొనొద్దు. పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఆ లైన్ నుంచే. నేను ఒకసారి క్యాబినెట్‌తో పాటు ఇచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో మోసపోయా, తర్వాత చూస్తే 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే, అంటే 216 వాట్లు! మంచి 450 అయితే అక్కడే 400కి పైగా వస్తుంది.

ఎంత కావాలంటే, ఐ5-12400 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 వాట్ల దాకా, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు దాదాపు 170, ఫ్యాన్లూ డిస్కులూ ఇంకో 50 వేసుకోండి. మొత్తం 340 దాకా వచ్చినా ఎన్‌విడియా ఆ కార్డుకి 550 పెట్టుకోమంటుంది, ఎందుకంటే కార్డు క్షణకాలం అంతకంటే ఎక్కువ లాగేస్తుంది. గ్రాఫిక్స్ కార్డే లేకపోతే మంచి 450 చాలు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్తుంది అంతే, మన్నికకి గ్యారంటీ కాదు, వారంటీ ఎన్నేళ్లో అడగండి.

బిగించే ముందు స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకుని అప్పుడు విప్పండి, క్లిప్ నొక్కి కనెక్టర్ పట్టుకుని లాగాలి, వైర్లు పట్టి కాదు. వెనకాల నాలుగు స్క్రూలు తీస్తే పాతది వచ్చేస్తుంది. దాని డబ్బా మాత్రం విప్పొద్దు, లోపల కెపాసిటర్లలో ఛార్జ్ ఉండిపోతుంది, షాక్ కొడుతుంది.

మాడ్యులర్ (కేబుల్స్ ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా ఊడొచ్చేది) అయితే ఇది మాత్రం తప్పక చదవండి. పాత కేబుల్స్ మదర్‌బోర్డుకే ఉన్నాయి కదా అని వాటినే కొత్తదానికి గుచ్చకండి. గుచ్చితే దిగుతుంది కూడా, కానీ ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీ కంపెనీకి వేరు, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌కీ వేరు, 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లి హార్డ్‌డిస్క్ మాడిపోద్ది, ఫొటోలతో సహా. కొత్తదాని డబ్బాలో వచ్చినవే వాడండి.

క్యాబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాన్ కిందికి, లేకపోతే పైకి. పై భాగంలో బిగించే పాత క్యాబినెట్లలో లోపలికి, అంటే కిందికి. 24 పిన్నులది బోర్డుకి, 4+4ది ప్రాసెసర్ దగ్గరికి, 6+2ది గ్రాఫిక్స్ కార్డుకి. ఈ చివరి రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, దిగకపోతే బలవంతం చేయొద్దు. చవక మోడల్‌లో వెనకాల ఎర్ర స్విచ్ ఉంటే 230 మీదే ఉందో లేదో చూడండి, 115 మీద పెట్టి ఆన్ చేస్తే ఢామ్మంటుంది.

ఆన్ చేశాక ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే కంగారు పడకండి, ప్రాసెసర్ దగ్గరి కేబుల్ మర్చిపోయారేమో ముందు అది చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టు, అది ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాల్సిన పని, ఎస్ఎంపీఎస్ మళ్లీ మార్చినా పోదు.