పాత చెక్కపని మిషన్‌ను పికప్‌లో క్షేమంగా ఇంటికి చేర్చడం

సెకండ్ హ్యాండ్ మిషన్ దొరికిందని ఫోన్ చేసినవాళ్లు ముందుగా చెప్పేది దాని బరువు. నేను అడిగేది ఎత్తెంత, అడుగు వెడల్పెంత అని. రెండు వందల కిలోల టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకొచ్చే మిషన్) బండిలో కదలకుండా కూర్చుంటుంది. అందులో సగం బరువున్న బ్యాండ్ సాను (రెండు చక్రాల మీద పట్టీలాంటి రంపం తిరిగే నిలువు మిషన్) నిలబెట్టి తెస్తే మాత్రం దారి పొడుగునా టెన్షనే.

ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. బ్యాండ్ సా బరువంతా పైన చక్రాల దగ్గర, టేబుల్ దగ్గర ఉంటుంది. దాని బరువు కేంద్రం 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనీ, అడుగు వెడల్పు 50 సెంటీమీటర్లనీ అనుకోండి. సగం వెడల్పు 25ని ఎత్తు 90తో భాగిస్తే 0.28 వస్తుంది. అంటే మిషన్ బరువులో 28 శాతం బలం పక్కనుంచి తోస్తే చాలు, ఒరిగిపోతుంది. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు సరుకును ముందుకు తోసే బలం దాని బరువులో 80 శాతం వరకూ ఉండొచ్చు. లారీల్లో సరుకు కట్టడానికి అమెరికా, యూరప్ నిబంధనలు లెక్కలోకి తీసుకునేది ఈ అంకెనే. పక్కలకూ వెనక్కూ అయితే 50 శాతం. మలుపులో కొంచెం వేగంగా తిరిగినా 28 శాతం దాటేస్తుంది.

కాబట్టి బెల్టులు ఎన్ని కట్టాలన్నది తర్వాతి సంగతి. విప్పగలిగినదంతా విప్పి, మిగిలినదాన్ని ఎంత కిందకు దించగలమో అంత కిందకు దించాలి. నా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

ఈ మిషన్లలో చాలా భాగాలు పోత ఇనుమువే, అదో విచిత్రమైన లోహం. ఎంత అదిమినా ఓర్చుకుంటుంది కానీ వంచితే, లాగితే, దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. వెల్డింగ్ చేయించినా మళ్లీ అదే సమతలం రావడం కష్టం. అందుకే సన్నగా బయటకు పొడుచుకొచ్చినవన్నీ ముందు విప్పేస్తాను. టేబుల్ సాకు బ్లేడు, ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే కమ్మీ), దాని పట్టాలు, పక్క రెక్కలు, చేతి చక్రాలు ఊడదీయాలి. మోటార్ వెనక వేలాడే రకమైతే దాన్ని విడిగా తీసి తెచ్చుకోండి. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ మోటార్ బరువంతా లోపలి బ్రాకెట్‌ను గుంజుతుంది. పెట్టెలాంటి బాడీ లోపల మోటార్ ఉంటే దాని కింద చెక్క ముక్కలు పేర్చి ఊతమివ్వండి. రెక్కల బోల్టులు విప్పేటప్పుడు మధ్యలోంచి సన్నని రేకు ముక్కలు రాలొచ్చు. వాటిని చెత్త అనుకోకండి, టేబుల్ మట్టం సరిచేయడానికి ఎవరో ఓపిగ్గా పెట్టినవి. ఏది ఎక్కడిదో టేప్ మీద రాసి అంటించండి. విప్పే ముందు ప్రతి వైపూ ఫోటో తీయండి. బోల్టులన్నీ ఒక గుడ్డసంచిలో వేసి మిషన్‌కే కట్టేస్తే ఇక పోయే సమస్యే లేదు.

బ్యాండ్ సాకు ముందు బ్లేడు బిగువు వదిలి, బ్లేడు తీసేయాలి. తర్వాత టేబుల్. టేబుల్ కింది అర్ధచంద్రాకారపు ముక్కలు చాలా మిషన్లలో తేలికపాటి పోత. ఒకాయన టేబుల్‌తో సహా పడుకోబెట్టి తెచ్చాడు, దించేసరికి ఆ ముక్క రెండుగా ఉంది. టేబుల్ తీశాక మిషన్‌ను దాని వీపు మీద, అంటే స్తంభం వైపు, దుప్పటి వేసిన రెండు దుంగల మీద పడుకోబెడితే ఒరిగే ప్రశ్నే ఉండదు. మరీ పెద్దదై పడుకోబెట్టలేకపోతే కింద రెండు పొడవాటి నాలుగంగుళాల దుంగలు పెట్టి, అడుగును వాటికి బోల్టులతో బిగించండి. అడుగు వెడల్పు 50 నుంచి 100 సెంటీమీటర్లయితే పై లెక్కలో 0.28 కాస్తా 0.56 అవుతుంది. మిగతాది బెల్టులు చూసుకుంటాయి.

చిత్రిక పట్టే థిక్‌నెస్ ప్లేనర్ అయితే బెడ్ మీద రెండు చెక్క ముక్కలు పెట్టి, బ్లేడ్లుండే తల వాటికి ఆనేవరకూ దించితే ఊగకుండా ఉంటుంది. జాయింటర్ (చెక్క ముఖాన్ని, అంచును తిన్నగా చదును చేసే మిషన్) విషయంలో ఒక్క మాట. పొడవాటి టేబుళ్ల చివరలు పట్టుకుని ఎత్తొద్దు, వాటి మీదుగా బెల్టు బిగించొద్దు. ఆ రెండు టేబుళ్లూ ఒకే మట్టంలో ఉండటమే ఆ మిషన్ విలువ.

మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ పికప్ మోయగలిగేది. సాయానికి వచ్చే మనుషులు, దుంగలు, చెయిన్ బ్లాక్ (గొలుసు లాగి బరువులెత్తే సాధనం) కూడా అందులోకే వస్తాయి. టైర్లలో గాలి లోడ్‌కు తగ్గట్టు ముందే కొట్టించండి.

ఎక్కించడానికి నాకు ఇష్టమైన పద్ధతి పైనుంచి చెయిన్ బ్లాక్‌తో ఎత్తి, బండిని కిందకు రివర్స్‌లో తీసుకురావడం. మిషన్ నిటారుగా లేస్తుంది, నిటారుగా దిగుతుంది. అయితే వేలాడదీసే దూలం నిజంగా ఆ బరువు మోస్తుందని తెలిసుండాలి. షెడ్డు పైకప్పు రేకుల్ని మోయడానికి కట్టింది, రంపాన్ని మోయడానికి కాదు. ఇంజన్లు ఎత్తే మడత క్రేన్ దొరికితే దాని చేయి మీద రాసిన అంకెలు చూడండి. చేయి చాచేకొద్దీ ఎత్తగల బరువు తగ్గిపోతుంది, తొట్టి మధ్యకు అందాలంటే చేయి చాచక తప్పదు.

ఇవేవీ లేకపోతే వాలు పలకలే గతి. తొట్టి ఎత్తు 80 సెంటీమీటర్లు, పలక పొడవు 2.4 మీటర్లు అయితే 300 కిలోల మిషన్‌ను పైకి లాగడానికి రాపిడి కాక వంద కిలోల బలం కావాలి. చేతి వించ్‌ను (చేత్తో తిప్పితే తాడును చుట్టుకుంటూ లాగే సాధనం) తొట్టి ముందు భాగంలో గట్టి కొక్కేనికి తగిలించి లాగండి. తాడును మిషన్ పైభాగానికి కాకుండా కింది దుంగలకు కట్టాలి, లేకపోతే అది మీదకు ఒరుగుతుంది. పలకల పై చివరలను బండికి కట్టేయండి, లోడ్ సగంలో ఉండగా అవి జారడం తరచూ జరిగేదే. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద చెక్కలు పెట్టండి. ఇక మనుషులు: వాలు కింద ఎవరూ నిలబడకూడదు, బంధువైనా, బలవంతుడైనా. సాయానికి వచ్చినవాళ్లకు నేను మొదలుపెట్టే ముందే చెప్పేస్తాను, మిషన్ పడుతుంటే పట్టుకోవద్దు, పక్కకు తప్పుకోండి అని. అలా చెప్పకపోతే చేతులు వాటంతటవే ముందుకొస్తాయి.

తొట్టిలో మిషన్‌ను వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంచండి. బరువు ఇరుసు వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ముందు గోడకూ మిషన్‌కూ మధ్య ఖాళీ మిగిలితే దుంగలు అడ్డం పెట్టి నింపండి, బ్రేక్ వేసినప్పుడు సగం పని ఆ దుంగలే చేస్తాయి. కింద రబ్బరు చాప పరవండి. తుప్పు పట్టకుండా టేబుల్‌కు నూనె రాయడం మంచిదే, కానీ ఆ నూనె అడుగుకు అంటితే మిషన్ జారుడుబండ ఎక్కినట్టే. వెనక తలుపును ఊతంగా లెక్కపెట్టుకోవద్దు.

కట్టడానికి పాలియెస్టర్ రాట్చెట్ బెల్టులే (మీటతో బిగించే పట్టీలు) వాడండి. నైలాన్ తాడు సాగుతుంది. బట్టలారేసే తాడుతో జాయింటర్ తెచ్చినవాళ్లను కూడా చూశాను, వాళ్ల అదృష్టం, రోడ్డు బాగుంది. బెల్టు చీటీ మీద రెండు అంకెలుంటే చిన్నదాన్నే నమ్మండి. పెద్దది తెగిపోయే బరువు, పని చేయించుకోవాల్సిన బరువు అందులో సగమో, మూడో వంతో ఉంటుంది. పైనుంచి అడ్డంగా వేసిన బెల్టు మిషన్‌ను కిందకు అదుముతుందంతే, జారకుండా ఆపేది రాపిడి ఒక్కటే. అందుకే నాలుగు మూలల నుంచి ఏటవాలుగా, నాలుగు వైపులకూ ఒక్కొక్కటి లాగి కడతాను. పట్టు బాడీకో, అడుగుకో ఉండాలి. టేబుల్‌కూ పట్టాలకూ ఉండకూడదు. పదునైన అంచు మీదుగా పోయే చోట మందపాటి గుడ్డో, పాత ట్యూబ్ ముక్కో పెట్టండి. కట్టాక మిషన్‌ను చేత్తో ఊపి చూడండి. మిషన్‌తో పాటు బండి కూడా ఊగితే సరిగ్గా కట్టినట్టు.

బయల్దేరాక నాలుగైదు కిలోమీటర్లలోనే ఒకసారి ఆగండి. మిషన్ సర్దుకుని బెల్టులు వదులవుతాయి, మళ్లీ బిగించాలి. తర్వాత ప్రతి ఆగింపులోనూ చెయ్యి వేసి చూడటమే. వేగం 60 నుంచి 80కి పెంచితే బ్రేకులు ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. వెనక హారన్ కొట్టేవాళ్లను ముందుకు పోనివ్వండి.

దించడం ఎక్కించడం కన్నా ప్రమాదం. అలిసిపోయి ఉంటాం, ఇల్లు చేరామన్న ధీమా ఉంటుంది. వాలు మీద మిషన్ తనంతట తాను దిగాలని చూస్తుంది కాబట్టి వించ్ తాడు బిగువుగా ఉంచి అంగుళం అంగుళంగా వదలండి. చీకటి పడితే బెల్టులు విప్పకుండా అలాగే ఉంచి, కప్పేసి, పొద్దున దించుకోవడం మేలు.

త్రీ ఫేజ్ మోటార్ అయితే వైర్లు కలిపాక బ్లేడు, మోటార్ బెల్టు ఎక్కించకముందే ఒక్క క్షణం ఆన్ చేసి ఎటు తిరుగుతుందో చూడండి. వ్యతిరేకంగా తిరిగితే మెయిన్ ఆఫ్ చేసి మూడు వైర్లలో ఏవైనా రెండింటిని మార్చి బిగిస్తే సరిపోతుంది.