ఉమ్మడి డైరెక్టరీ పర్మిషన్లు మార్చేముందు

పదిమంది కలిసి వాడే లినక్స్ సర్వర్‌లో ఉమ్మడి డైరెక్టరీ పర్మిషన్లు సరిచేయాల్సి వస్తే, ముందు ఇప్పుడు ఏది ఎలా ఉందో రాసిపెట్టుకోండి. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ కమాండ్‌ను పెద్ద ఆర్ ఆప్షన్‌తో నడిపితే, లోపలున్న ప్రతి ఫైల్ ఓనరు, గ్రూపు, పర్మిషన్లు ఒక్క టెక్స్ట్ ఫైల్లోకి వచ్చేస్తాయి. ఏదైనా తేడా కొడితే సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌కు రిస్టోర్ ఆప్షన్ పెట్టి అదే ఫైల్ ఇవ్వండి, పాత స్థితి తిరిగొస్తుంది. అయితే రెండు కమాండ్లూ ఒకే డైరెక్టరీలో ఉండి కొట్టాలి, రిస్టోర్ రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతాతో, నడపాలి.

ఇది చేయకుండా నేనొకసారి దిగాను. ఎవరో ఫైల్ సేవ్ కావట్లేదన్నారు. మొత్తం డైరెక్టరీకి రికర్సివ్‌గా, అంటే లోపలున్నవన్నిటికీ కలిపి, 664 కొట్టాను: ఓనరు, గ్రూపు చదివి రాయొచ్చు, మిగతావాళ్లు చదవడం మాత్రమే. ఫైళ్లకు అది సరైన నంబరే. కానీ లోపలి డైరెక్టరీలకు ఎక్స్ బిట్, అంటే లోపలికి వెళ్లే హక్కు, పోయింది. ఎక్స్ లేని డైరెక్టరీలోకి ఎవరూ అడుగుపెట్టలేరు. నిమిషంలో అందరి పనీ ఆగింది. ఆ టెన్షన్‌లో అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 కొట్టేశాను, అది ఇంకా పెద్ద తప్పు: ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని యూజర్లకు కూడా రాసే హక్కు, చెరిపే హక్కు ఇచ్చినట్టయింది. అప్పటినుంచి డైరెక్టరీలను, ఫైళ్లను ఫైండ్ కమాండ్‌తో వేరుచేసి, విడివిడిగానే మారుస్తున్నాను. ఒకే కమాండ్‌తో కానివ్వాలంటే, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కమాండ్‌లో చిన్న ఎక్స్ బదులు పెద్ద ఎక్స్ వాడండి. అది డైరెక్టరీలకు, ముందే ఎక్స్ (ఫైల్ విషయంలో, ప్రోగ్రాముగా నడిపే హక్కు) ఉన్న ఫైళ్లకు మాత్రమే ఎక్స్ ఇస్తుంది.

ఉన్న ఫైళ్లు సరిచేయడంతో సగం పనే అవుతుంది. రేపు పుట్టబోయే ఫైల్ ఏ గ్రూపులో పుడుతుంది, గ్రూపువాళ్లు దాన్ని మార్చగలరా అన్నదే అసలు ప్రశ్న.

మొదటి సగానికి జవాబు సెట్‌జీఐడీ బిట్. డైరెక్టరీకి 2770 (ముందున్న 2 ఆ బిట్, 770 అంటే ఓనరుకు, గ్రూపుకు అన్ని హక్కులు, మిగతావాళ్లకు ఏవీ లేవు) ఇస్తే, లోపల ఎవరు ఫైల్ సృష్టించినా వాళ్ల సొంత గ్రూపు కాకుండా డైరెక్టరీ గ్రూపే వస్తుంది. కొత్తగా తెరిచే సబ్‌డైరెక్టరీలకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది. పాతవాటికి మాత్రం మనమే పెట్టాలి. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌ను చిన్న ఎల్ ఆప్షన్‌తో నడిపి చూసినప్పుడు గ్రూపు వరసలో ఎక్స్ ఉండాల్సిన చోట చిన్న ఎస్ కనిపించాలి. పెద్ద ఎస్ కనిపిస్తే కింద ఎక్స్ లేదని అర్థం.

రెండో సగం యూమాస్క్ చేతిలో ఉంది, అంటే కొత్త ఫైళ్ల నుంచి ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగ్. అది 022 అయితే కొత్త ఫైల్ 644గా పుడుతుంది, గ్రూపు సరైనదైనా రాయడం కుదరదు. 002 అయితే 664 వస్తుంది. కానీ అందరికీ 002 పెట్టేముందు ఒక్కటి చూసుకోండి: ప్రతి యూజర్‌కూ సొంత ప్రైవేటు గ్రూపు ఉందా? అందరి ప్రైమరీ గ్రూపూ (కొత్త ఫైళ్లకు మామూలుగా వచ్చే గ్రూపు) ఒక్కటే అయితే, ఒకరి హోమ్ డైరెక్టరీలో పుట్టే కొత్త ఫైళ్లలో ఇంకొకరు రాసే వీలు ఏర్పడుతుంది. అందుకే నేను డిఫాల్ట్ ఏసీఎల్‌నే, అంటే ఒక డైరెక్టరీలో పుట్టే కొత్త ఫైళ్లకు ఏ హక్కులు రావాలో ముందే రాసిపెట్టే జాబితానే, ఎంచుకుంటాను. అది ఉన్న డైరెక్టరీలో యూమాస్క్ లెక్కలోకి రాదు, ప్రభావం కూడా ఆ డైరెక్టరీ దాటదు.

ఇంత చేసినా ఫైళ్లను తరలించే ఎంవీ కమాండ్ దెబ్బ తీస్తుంది. హోమ్ నుంచి ఫైల్‌ను ఎంవీతో తెస్తే పాత గ్రూపు, పాత పర్మిషన్లే వెంట వస్తాయి. కాపీ చేసే మామూలు సీపీతో తెస్తే కొత్త ఫైల్ పుడుతుంది కాబట్టి డైరెక్టరీ గ్రూపు అందుకుంటుంది. ఇది టీమ్‌లో అందరికీ ముందే చెప్పాలి.

చెరిపే హక్కు ఫైల్‌ది కాదు, డైరెక్టరీది. డైరెక్టరీలో రాయగలిగినవాళ్లు పక్కవాళ్ల ఫైల్ తీసేయగలరు, ఆ ఫైల్ వాళ్లు చదవలేనిదైనా సరే. అలా జరగకూడదంటే, ఫైల్ ఓనరు, డైరెక్టరీ ఓనరు, రూట్ మాత్రమే చెరపగలిగేలా చేసే స్టికీ బిట్ కలిపి 3770 పెట్టండి.

గ్రూపులో కొత్తవాళ్లను చేర్చేటప్పుడు యూజర్ వివరాలు మార్చే యూజర్‌మాడ్ కమాండ్‌లో పెద్ద జీ ఆప్షన్ ముందు చిన్న ఏ మరిచిపోతే, ఆ మనిషి మిగతా అదనపు గ్రూపులన్నిటి నుంచీ ఊడిపోతారు. అడ్మిన్ గ్రూపు నుంచి కూడా. చేర్చిన వెంటనే పనిచేయట్లేదని కంగారుపడొద్దు, పాత సెషన్‌కు కొత్త గ్రూపు తెలియదు. ఐడీ కమాండ్‌కు పేరు ఇస్తే రికార్డుల్లో ఉన్నది చూపిస్తుంది, పేరు ఇవ్వకపోతే ఈ సెషన్‌లో ఉన్నది చూపిస్తుంది. రెండూ వేరుగా ఉంటే లాగౌట్ అయి మళ్లీ రావాలి. డైరెక్టరీ ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లో ఇంకో సర్వర్ నుంచి పంచుకున్నదై, ఉంటే, యూజర్‌ను నంబర్లతో గుర్తించే మామూలు ఏయూటీహెచ్ సిస్ పద్ధతిలో 16 అదనపు గ్రూపులకు మించి సర్వర్‌కు వెళ్లవని గుర్తుంచుకోండి.

పని అయ్యాక రూట్‌గా పరీక్షించకండి, రూట్‌కు అన్నీ తెరుచుకుంటాయి. ఇద్దరు మామూలు యూజర్లను పిలవండి. ఒకరు ఫైల్, సబ్‌డైరెక్టరీ చేయాలి, రెండోవాళ్లు ఆ ఫైల్‌లో ఒక లైను మార్చి సేవ్ చేయాలి, ఆ సబ్‌డైరెక్టరీలో ఇంకో ఫైల్ పెట్టాలి. తర్వాత ఇద్దరూ స్థానాలు మార్చుకుని మళ్లీ చేయాలి.