అలలు లేని చోటే అసలు ప్రమాదం

సముద్రంలో స్నానానికి దిగేవారు సాధారణంగా అలలు ఎగసిపడే చోటు వదిలేసి, నీళ్లు నిమ్మళంగా ఉన్న చోటు వెతుక్కుంటారు. పిల్లలను దింపేదీ అక్కడే. ఒడ్డు నుంచి సముద్రంలోకి ఈడ్చుకుపోయే ప్రవాహం, అంటే రిప్ కరెంట్ ఉండేది కూడా చాలాసార్లు అక్కడే.

అలలు ఒడ్డుకు నెట్టుకొచ్చిన నీరు తిరిగి వెళ్లాలి. నీటి అడుగున అడ్డంగా మేటవేసిన ఇసుకలో ఎక్కడ గండి ఉంటే అటు మళ్లి, సన్నని పాయగా సముద్రంలోకి పరుగెడుతుంది. గండి దగ్గర లోతెక్కువ కాబట్టి అలలు విరగవు. ఆ ప్రశాంతతకు కారణం అదే. పాయ వేగం మామూలుగా సెకనుకు అర మీటరు అటూ ఇటూ ఉంటుంది. అలలు పెద్దవైతే 2 మీటర్లు దాటవచ్చు. దానికి ఎదురీదడం ఒలింపిక్ ఈతగాళ్లకే అసాధ్యం, మన సంగతి చెప్పాలా!

దిగేముందు కాస్త ఎత్తున నిలబడి పది నిమిషాలు నీటినే గమనించండి. తెల్లని నురగ వరుస మధ్యలో ముదురు రంగు చీలిక ఉందా? నురగ, నాచు, ఇసుక కలిసిన బురద నీరు ఒడ్డుకు రాకుండా లోపలికి పోతున్నాయా? అయితే అటు వెళ్లకండి. రాళ్ల గుట్టలు, జెట్టీల పక్కన ఇలాంటి పాయలు తరచూ పాతుకుపోయి ఉంటాయి. చాలా తీరాల్లో ఆటు సమయంలో లాగుడు ఎక్కువ. ఆకాశం తేటగా ఉందని ధీమా పడవద్దు. వేల కిలోమీటర్ల అవతలి తుఫాను పుట్టించిన అలలు ఎండ కాస్తున్న తీరాన్నీ తాకుతాయి.

చిక్కుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ ప్రవాహం మనిషిని లోపలికి ఈడ్చుకుపోతుందే గానీ అడుక్కి లాగదు. ఒడ్డు కనిపిస్తోంది కదా అని నేరుగా ఎదురీది, అలసిపోయి మునిగేవారే ఎక్కువ. వెల్లకిలా తేలుతూ ఊపిరి పీలుస్తూ ఉండండి, చెయ్యెత్తి కేకలు వేయండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదండి. అటు ముందుకు సాగకపోతే రెండో వైపు ప్రయత్నించండి. కాలిఫోర్నియాలో సముద్ర పరిశోధకుడు జేమీ మెక్‌మహన్ బృందం జీపీఎస్ అమర్చిన తేలుడు పరికరాలను ఈ పాయల్లోకి వదిలి చూసింది. చాలావరకు సుడి తిరిగి తీరం వైపే వచ్చాయని 2010లో ప్రకటించింది. అలాగని తేలితే చాలు అనుకోవడం పొరపాటు. కొన్ని పాయలు నేరుగా అలల అవతలికి చేరుస్తాయి. అక్కడ లాగుడు తగ్గుతుంది, పక్కకు జరిగి మెల్లగా వెనక్కి రావచ్చు.

ఇతరులు కొట్టుకుపోతుంటే దూకేయకండి, కాపాడబోయినవారే మునిగిన సంఘటనలు ఎన్నో. లైఫ్‌గార్డును పిలవండి. ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, తేలేది ఏదైనా విసరండి. ఒకరు మాత్రం వేరే పని పెట్టుకోకుండా మునుగుతున్న మనిషి వైపే వేలు చూపిస్తూ నిలబడాలి. చూపు తిప్పితే అలల మధ్య తల మళ్లీ దొరకడం కష్టం.