ఆటగాళ్ల మసాజ్ – నాలుగో పాఠం: పోటీకి ముందు పావుగంట

పోయిన పాఠంలో నిమరడం, పిసకడం, అరచేత్తో అదమడం, తట్టడం నేర్చుకున్నాం. ఇంట్లో తమ్ముడి పిక్క మీదో, స్నేహితుడి తొడ మీదో సాధన చేసి ఉంటారని అనుకుంటున్నాను. చేయనివాళ్లు ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. చేతికి అలవాటు కాకుండా ఇక్కడ చెప్పేది ఎంత చదివినా పట్టుబడదు.

తిరుపతిలో తారకరామ స్టేడియానికి పోటీల రోజు పొద్దున్నే వెళ్తే, ఏదో ఒక మూల ఒక కుర్రాడు బోర్లా పడుకుని ఉంటాడు. ఇంకొకడు వాడి పిక్కలను పిండి పిసికినట్టు పిసుకుతుంటాడు. కిందివాడు పళ్లు బిగబట్టి ఓర్చుకుంటుంటాడు. ఎంత గట్టిగా పిసికితే అంత బాగా పరిగెత్తుతాడని చాలామంది నమ్మకం. మొదట్లో నేనూ అలాగే నమ్మాను. గట్టిగా పిసికిన కండరం కొన్ని గంటల పాటు సోలిపోయి ఉంటుంది, మర్నాడు ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. అందుకే లోతుగా ఒత్తి చేసే మసాజ్ ఏదైనా పోటీకి రెండు మూడు రోజుల ముందే ముగించాలి. పోటీ రోజు చేసేది పది, పదిహేను నిమిషాల పని. చెయ్యి తేలిగ్గా, చురుగ్గా ఆడాలి.

దీనితో వేగం పెరుగుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. అలా పెరుగుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. చర్మం, పైపై కండరం కాస్త వెచ్చబడతాయి, బిగుసుకున్న చోటు వదులవుతుంది, మనసులో టెన్షన్ తగ్గుతుంది. ఆ మాత్రం మేలు కూడా ఆ సమయానికి చాలా విలువైనది. ఎంత బాగా చేసినా వార్మప్‌కు ఇది బదులు కాదు. ముందు మసాజ్, వెంటనే లేచి నెమ్మదిగా జాగింగ్, తర్వాత వార్మప్, ఆ పైన పోటీ. పోటీకి ముప్పావుగంట ముందు మొదలుపెడితే అన్నీ సర్దుకుంటాయి.

చెయ్యి వేసేముందు అడగాలి. "ఎక్కడైనా నొప్పి ఉందా? నిన్న ఏం చేశావ్?" మన దగ్గర పిల్లలు ప్రాక్టీసు కోసమని అలిపిరి మెట్లెక్కుతారు. 3550 మెట్లు. ఎక్కడం కన్నా దిగడం తొడలను ఎక్కువ దెబ్బతీస్తుంది. ఎందుకంటే దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువు మోయాలి. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత బాగా తెలుస్తుంది. పోటీకి ముందు మూడు రోజులు మెట్ల జోలికి పోవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. మొక్కు ఉంటే పోటీ అయ్యాక తీర్చుకోవచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

ఇప్పుడు పరుగు పందెం కుర్రాడి కాలు తీసుకుందాం. బోర్లా పడుకోబెట్టి చీలమండ కింద చుట్టిన టవల్ పెట్టండి. రెండు అరచేతులతో చీలమండ నుంచి మోకాలి వైపు, అంటే గుండె వైపు, అర నిమిషం చురుగ్గా నిమరండి. మోకాలి వెనుక గుంటను మాత్రం ఒత్తకుండా దాటేయండి. అక్కడ నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి. తర్వాత పిక్కను అరచేత్తో అదుముతూ వదులుతూ, సెకనుకు ఒకటి చొప్పున కింద నుంచి పైకి పోవాలి. ఆ తర్వాత పిక్కను వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని జల్లెడ ఆడించినట్టు అటూ ఇటూ ఆడించండి. కండరం నీళ్ల సంచిలా కదిలితే వదులైనట్టు. తొడ వెనుక కూడా ఇదే వరస. చివర్లో దోసిలి పట్టినట్టు చేతులు వంచి టపటపా తట్టి లేపేయండి. ఒక్కో కాలికి ఐదు నిమిషాలు మించకూడదు.

ఒత్తిడి ఎంత ఉండాలో కొలవడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటి ఉంది. కుర్రాడితో మాట్లాడుతూ చేయండి. కబుర్లు చెబుతున్నవాడు మధ్యలో మాట ఆపాడంటే మీ చెయ్యి బరువైందన్నమాట.

అందరికీ ఒకే వేగం కూడా పనికిరాదు. వణుకుతున్నట్టుండే పిల్లవాడికి తట్టడం తగ్గించి, నిమరడం నెమ్మదిగా, ఎక్కువసేపు చేయండి. నిద్రమత్తులో ఉన్నవాడికి తట్టడమే మందు.

నూనె సంగతి. పరుగు పిల్లలకు రెండు చుక్కలు చాలు, తర్వాత టవల్‌తో తుడిచేయాలి. కబడ్డీ వాళ్లకు అసలు వద్దు. ఒంటికి నూనె రాసుకుని ఆడకూడదని ఆట నియమాల్లోనే ఉంది. ట్రాక్ ప్యాంటు మీద నుంచే అదమండి, తట్టండి. గోళ్లు కత్తిరించుకోవాలన్న నియమం కూడా వాళ్లకుంది, దాన్ని మనమూ పాటిద్దాం.

ఇక చెయ్యి వేయకూడని చోట్లు. ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

కొన్నేళ్ల కిందట ఒక కబడ్డీ కుర్రాడు రైడ్ నుంచి తిరిగొస్తూ చీలమండ బెణికించుకున్నాడు. "అన్నా, కాస్త రుద్దన్నా, ఇంకో మ్యాచ్ ఉంది" అన్నాడు. నేను బామ్ రాసి, వేడి పుట్టేదాకా రుద్దాను. వాడికి హాయిగానే అనిపించింది. అరగంటకు చీలమండ ఎముక కనపడనంతగా వాచిపోయింది. బూటు పట్టలేదు. లోపల తెగిన సన్నని రక్తనాళాల నుంచి రక్తం కారుతుంటే నేను వేడిచేసి, రుద్ది ఇంకా కారేలా చేశాను. ఆ కాలు ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతుంది.

కాబట్టి బెణుకు మీద మొదటి రెండు మూడు రోజులు మసాజ్ వద్దు, బామ్ వద్దు, వేడి కాపడం వద్దు. ఆట ఆపించండి. క్రేప్ బ్యాండేజ్ కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి. దిండు పెట్టి కాలును గుండె కన్నా ఎత్తులో ఉంచండి. ఐసు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి. ఐసు గురించి ఒక మాట. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని తర్వాత తానే రాశారు. అందుకే మొదటి కొన్ని గంటల్లో, నొప్పి తగ్గడానికి మాత్రమే వాడండి.

నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక అంచును వేలితో నొక్కితే నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే. పుత్తూరు కట్టు మీద మన వైపు ఉన్న నమ్మకం నాకు తెలుసు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో తరాలుగా కడుతున్నారు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా, ఎముక విరిగిందో లేదో ముందు తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో బర్డ్ ఆసుపత్రిలోనో చూపించి తెలుసుకోండి.

పరుగు మధ్యలో తొడ వెనుక ఠప్పుమని, చేత్తో పట్టుకుని ఆగిపోతే అది హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనుక కండరానికి గాయం. పిసకొద్దు, సాగదీయొద్దు. తొడ ముందు భాగానికి ఎదుటివాడి మోకాలు తగిలి గడ్డకట్టినట్టుంటే ఇంకా జాగ్రత్త. అక్కడ రుద్దితే గడ్డకట్టిన రక్తం ఉన్నచోట ఎముక పెరిగే ప్రమాదం ఉంది. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉంటే రక్తం గడ్డ అయి ఉండొచ్చు. ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపండి. తామర ఉన్నా చెయ్యి వేయకండి, అది మీ చేతుల మీదుగా టీమంతా పాకుతుంది.

పిక్క పట్టేస్తే మాత్రం మన చెయ్యి వెంటనే పనికొస్తుంది. మోకాలు చాపించి, కాలివేళ్లను నెమ్మదిగా ముఖం వైపు వంచి అలాగే పట్టుకోండి. పట్టు సడలేదాకా వదలొద్దు. తర్వాత తేలిగ్గా నిమరండి.

ఈ వారం పని: ఫోన్‌లో పది నిమిషాలకు టైమర్ పెట్టుకుని రెండు కాళ్లూ పూర్తిచేయండి. వరసగా ఐదు రోజులు, వీలైతే వేర్వేరు మనుషుల మీద. ఎవరు ఎక్కడ మాట ఆపారో నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కు వచ్చే పాఠానికి కావాలి, అందులో పోటీ అయ్యాక చేసే మసాజ్ చూస్తాం.