కోర్టు ఖర్చులు, 4వ పాఠం: కాపీ డబ్బులు, పోయిన రోజులు

పోయినసారి మీరు తయారుచేసిన ఖర్చుల మెమోలు (గెలిచినవాళ్లు అవతలి పక్షం నుంచి ఇప్పించమని కోర్టుకు ఇచ్చే ఖర్చుల లెక్కలు) చూశాక తప్పు సగం నాదేనని తెలిసింది. "గెలిచినవాళ్లకు ఖర్చులు వస్తాయి" అని రాసి ఊరుకున్నాను. ఒకరు ఆటో ఛార్జీలు వేశారు. ఇంకొకరు వకీలుకు ఇచ్చిందంతా వేశారు. మరొకరు "జిరాక్సులు, ఇతరములు" అని ఒక్క లైనులో పెద్ద మొత్తం పెట్టారు. ఆ "ఇతరములు" మీద అవతలి వకీలు మొదటి నిమిషంలోనే అభ్యంతరం చెబుతాడు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35 ప్రకారం ఖర్చులు ఇప్పించడం కోర్టు విచక్షణ. గెలిచినవాళ్లకు ఇవ్వకపోతే కారణం రాయాలి. ఏవి అడగొచ్చో ఆర్డర్ 20ఏ చెబుతుంది: దావాకు ముందు ఇచ్చిన నోటీసు, ప్లీడింగ్స్ (దావా, దానికి జవాబు పత్రాలు) టైపింగ్, రికార్డుల తనిఖీ, సాక్షుల్ని తెచ్చిన ఖర్చు. అప్పీలైతే దాంతో జతపరచాల్సిన తీర్పు, డిక్రీ (తీర్పు ఫలితాన్ని లాంఛనంగా రాసిన ఉత్తర్వు) కాపీల ఖర్చు కూడా. లెక్క మాత్రం హైకోర్టు రూల్స్ ప్రకారమే. మీ ఫైలు కోసం తీయించుకున్న జిరాక్సులు ఇందులో ఎక్కడా లేవు, వాటిని వదిలేయండి. తప్పుడు దావాకు సెక్షన్ 35ఏ కింద అడిగే పరిహారం వేరు, మామూలు దావాల్లో అది 3,000 రూపాయలు దాటదు. డిక్రీ ఖర్చుల పట్టికలో కూడిక తప్పితే అప్పీలు అక్కర్లేదు, సెక్షన్ 152 కింద సవరణ అడగండి.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయం. సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు, కట్టే డబ్బు చిన్నదే. అది ఆలస్యంగా కడితే పోయేవి అప్పీలు గడువులోని రోజులు.

సర్టిఫైడ్ కాపీ మీద ముద్ర చూడండి. దరఖాస్తు వేసిన తేదీ, ఛార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. లిమిటేషన్ చట్టం (దావాలకు, అప్పీళ్లకు గడువులు పెట్టే చట్టం) సెక్షన్ 12 అప్పీలు గడువు లెక్కలోంచి కాపీకి "అవసరమైన" సమయాన్నే మినహాయిస్తుంది. మన బద్ధకం అందులోకి రాదు.

ఉదాహరణకు, తీర్పు మార్చి 1న వచ్చింది అనుకోండి. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, అంటే మార్చి 31. దరఖాస్తు 11న వేశారు. 14న డబ్బు కట్టమన్నారు. మీరు 19న కట్టారు. కాపీ 24న సిద్ధమైంది, మీరు ఏప్రిల్ 2న తీసుకున్నారు.

చాలామంది 11 నుంచి ఏప్రిల్ 2 దాకా 23 రోజులు కలిపేసి ఏప్రిల్ 23 అంటారు. కాదు. 11 నుంచి 24 దాకా 14 రోజులు. అందులో 15, 16, 17, 18 మీరు కట్టక పోగొట్టుకున్నవి. మిగిలింది 10. గడువు ఏప్రిల్ 10. ఆ తర్వాత వెళితే ఆలస్యం మన్నించమని పిటిషన్ వేసుకోవాలి. అవతలి పక్షం దానికి కౌంటర్ (జవాబు పత్రం) వేస్తుంది, అదో ఖర్చు.

"డిక్రీ ఇంకా తయారు కాలేదు కదా, దరఖాస్తు తర్వాత వేద్దాం" అనుకునేవాళ్లకు ఇంకా పెద్ద దెబ్బ. దరఖాస్తుకు ముందు డిక్రీ రాయడానికి కోర్టుకు పట్టిన సమయం మినహాయింపులోకి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. నేనైతే తీర్పు చదివిన రోజు సాయంత్రానికే దరఖాస్తు పడేస్తాను. దాని నంబరు ఫైలు అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంటాను. కాపీలకు డబ్బు కట్టమని కోర్టు పెట్టే ఛార్జీల జాబితా గుమస్తా చూస్తాడులే అని ఎప్పుడూ వదలను.

అభ్యాసం: మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉన్న పాత సర్టిఫైడ్ కాపీలు మూడు తీయండి. ముద్రలోని తేదీలతో ఒక్కోదానికి రెండు గడువులు కట్టండి, జిల్లా కోర్టుకు 30 రోజులతో ఒకటి, హైకోర్టుకు 90 రోజులతో ఒకటి. తర్వాత పోయినసారి మెమో మళ్లీ రాయండి. "ఇతరములు" అన్న మాట కనిపించకూడదు.