మందుల తయారీ రూట్ బయటికి పోకుండా సర్కారుకు కాగితాలు ఎలా పెట్టాలి

ఖాకీ కవరు గేటు దగ్గర సెక్యూరిటీ టేబుల్ సొరుగులో ఆరు రోజులు పడి ఉంది. అడిగితే "కరెంటు బిల్లేమో అనుకున్నా మేడమ్" అన్నాడు గేటు మనిషి. విప్పి చూస్తే సమాచార హక్కు చట్టం సెక్షన్ 11 కింద నోటీసు. మేం ఒక ప్రభుత్వ ఆఫీసుకు ఇచ్చిన ఫైల్లోంచి ఒక మందు తయారీ విధానం మొత్తం కావాలని ఎవరో దరఖాస్తు పెట్టారు. మీకు అభ్యంతరం ఉంటే పది రోజుల్లో చెప్పండి అని ఆ నోటీసు సారాంశం. ఆ పది రోజులూ నోటీసు మనకు అందిన తేదీ నుంచే లెక్క. రిజిస్టర్లో సంతకం ఉంది కాబట్టి నాకు మిగిలింది నాలుగు రోజులు.

హైదరాబాద్ శివారులో ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కంపెనీలో రెగ్యులేటరీ అఫైర్స్, అంటే ప్రభుత్వ అనుమతుల కాగితాల పని, చూస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఏ ముడిసరుకుతో మొదలుపెట్టి, ఎన్ని స్టేజీల్లో, ఏ సాల్వెంట్లతో మందు తయారవుతుందో దాన్నే మేం రూట్ అంటాం. ఒక్కో రూట్ కోసం ఆర్ అండ్ డి వాళ్లు రెండేసి ఏళ్లు కుస్తీ పడతారు. ఇన్నేళ్లలో ఎవరో దొంగిలించి రూట్ పోవడం నేను చూడలేదు. మనమే సంతకం పెట్టి ఇచ్చిన కాగితాల్లోంచి పోవడం మాత్రం చాలాసార్లు చూశాను.

అలాంటి నోటీసు వస్తే మొదట కవరు మీద అందిన తేదీ రాసి, కవరుతో సహా స్కాన్ చేసి పెట్టుకోండి. అదే రోజు ఆఫీసుకు మనిషిని పంపి, దరఖాస్తులో ఏం అడిగారో, ఏ పేజీలు ఇవ్వబోతున్నారో పీఐఓ (ఆ ఆఫీసు సమాచార అధికారి) దగ్గర కనుక్కోండి. ఫోన్లో ఈ పని తేలదు.

జవాబులో చాలామంది చేసే తప్పు ఒకటుంది. "ఇదంతా రహస్యం, ఇవ్వరాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యానికి రక్షణ ఇస్తుంది నిజమే, కానీ అది బయటపడితే పోటీలో మనం దెబ్బతింటామని తేలాలి. అందుకే పేజీల వారీగా రాయాలి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది: "పేజీ 14 నుంచి 19 వరకు: మూడో స్టేజ్‌లో వాడే కేటలిస్ట్, దాని మోతాదు, క్రిస్టలైజేషన్ సాల్వెంట్ల నిష్పత్తి. ఇవి ఏ జర్నల్లోనూ ఏ పేటెంట్లోనూ లేవు. కంపెనీలో నలుగురికే తెలుసు. ఇవి తెలిస్తే ఇదే మందు చేసే మరో కంపెనీకి మా రెండేళ్ల పని పైసా ఖర్చు లేకుండా దక్కుతుంది." సెక్షన్ 10 ప్రకారం ఆ ఆరు పేజీలు పక్కన పెట్టి మిగతావి ఇచ్చుకోవచ్చని కూడా రాశాం. కొంత ఇవ్వడానికి ఒప్పుకుంటేనే, వద్దన్న దాని గురించి మన మాట నమ్ముతారు.

జవాబు ఇవ్వడానికి వెళ్లినప్పుడు పీఐఓ ఒకే ప్రశ్న వేశారు. "ఈ పేజీల మీద కాన్ఫిడెన్షియల్ అని ఎక్కడుందమ్మా?" నాకు చెమటలు పట్టాయి. పేజీల మీద లేదు. కవరింగ్ లెటర్లో, చివరి పేరాలో, ఒక్క లైను ఉంది. సెక్షన్ 11 ఎవరి సమాచారమో వాళ్లు స్వయంగా రహస్యంగా చూసుకున్న దానికే వర్తిస్తుంది. మనం మామూలు కాగితంలా ఇచ్చినదాన్ని ఆఫీసు గుమాస్తా రహస్యంగా దాచాలని ఎక్కడా లేదు. ఆ ఒక్క లైను చూపించి గట్టెక్కాం.

అప్పటి నుంచి మా దగ్గర ఫైలు రెండు భాగాలుగా వెళ్తుంది. అందరూ చూడదగ్గది ఒకటి, ప్రాసెస్ వివరాల అనుబంధం ఒకటి. రెండో దానికి వేరే కవరు, సీలు, ప్రతి పేజీ మీద ముద్ర, పేజీ నంబరు. అందినట్టు ఇచ్చే రసీదులో అనుబంధం పేజీల సంఖ్య రాయించుకుంటాం. ఇంత చేసినా పీఐఓ మన అభ్యంతరం కాదని ఆ పేజీలు ఇవ్వడానికే నిర్ణయిస్తే, ఆ ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లో సెక్షన్ 19(2) కింద మనం అప్పీలు చేసుకోవచ్చు.

ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటుకు, వెళ్లే నీళ్ల లెక్కలు, వ్యర్థాల వివరాలు మాత్రం రహస్యం ఖాతాలో వేయకండి. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన చెరువుల కథ తెలిసినవాళ్లెవరూ ఆ వాదన వినరు. వినకూడదు కూడా.

ఆర్టీఐ కన్నా పెద్ద చిల్లు పర్యావరణ అనుమతి దగ్గర ఉంది. దీని గురించి ఆర్ అండ్ డి వాళ్లకు తెలిసింది తక్కువ. ఆ అనుమతి కోసం కన్సల్టెంట్ తయారు చేసే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులో ఒక్కో మందుకు రియాక్షన్ స్కీమ్, స్టేజీల వారీగా ఏది ఎంత వేస్తే ఎంత వస్తుందో చెప్పే మెటీరియల్ బ్యాలెన్స్ ఉంటాయి. ఆ రిపోర్టు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లోకి ఎక్కితే ఎవరైనా దించుకోవచ్చు. పోటీ కంపెనీల రిపోర్టులు మేమూ దించుకుంటాం, దాపరికం ఎందుకు! ఒకసారి బహిరంగమైతే దాని మీద పేటెంట్ అడిగే కొత్తదనం కూడా పోతుంది. కాబట్టి పేటెంట్ దరఖాస్తు ముందు, ఈఐఏ తర్వాత. కన్సల్టెంట్‌కు బీఎంఆర్ (ఒక్కో బ్యాచ్ తయారీని అంచెలంచెలుగా రాసే రికార్డు) కాపీ ఇవ్వకండి. కాలుష్యం లెక్కకు కావాల్సినంత వరకు మీరే రాసి ఇవ్వండి.

ఇక పేటెంట్ తీసుకోవాలా, రహస్యంగానే ఉంచాలా? కొనేవాడు శాంపిల్‌ను ల్యాబ్‌లో పరీక్షించి కనిపెట్టగలిగేదైతే పేటెంట్ తీసుకోండి. మన రియాక్టర్ దగ్గర నిలబడితే తప్ప తెలియనిదైతే లోపలే ఉంచండి. నేను పాటించే సూత్రం ఇదే. తెలంగాణ, ఆంధ్ర వాళ్లకు చెన్నై పేటెంట్ ఆఫీసు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్‌తో ఫారం 28 పెడితే చిన్న కంపెనీకి ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే, పెద్దవాళ్లకు 8,000. పని పూర్తి కాకపోతే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి తేదీ పట్టుకోండి, 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వొచ్చు. పరీక్షించమని ఫారం 18 మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు పెట్టాలి. ఇదివరకు 48 నెలలుండేది, 2024లో తగ్గించారు. పాత లెక్కలో ఉండి గడువు దాటించుకోకండి. 18 నెలలకు దరఖాస్తు ప్రచురిస్తారు. ఈలోగా మనసు మారి రహస్యంగానే ఉంచాలనుకుంటే 15 నెలల్లోపు వెనక్కి తీసుకోండి, అప్పుడు బయటికి రాదు.

మన దేశంలో ఉండే కెమిస్ట్ కనిపెట్టినదాన్ని నేరుగా అమెరికాలో ఫైల్ చేయడం కుదరదు. సెక్షన్ 39 ప్రకారం ఫారం 25తో అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ ఫైల్ చేసి ఆరు వారాలు ఆగాలి. తప్పితే ఇక్కడి దరఖాస్తు వదిలేసుకున్నట్టే.

పేటెంట్ వచ్చిందంటే కోట కట్టేసినట్టు కాదు. పాత మందుకు కొత్త సాల్ట్ రూపం, కొత్త క్రిస్టల్ రూపం అంటే పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) అడ్డం వస్తుంది. క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ కంపెనీకి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కాదన్నది ఈ సెక్షన్ మీదే. వచ్చిన పేటెంట్‌తో జనానికి మందు అందకపోతే ప్రభుత్వమే ఇంకొకరికి లైసెన్సు ఇవ్వగలదు. బేయర్ క్యాన్సర్ మందు నెక్సావర్ నెలకు 2,80,428 రూపాయలుండేది. 2012 మార్చి 9న మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు లైసెన్సిచ్చి 8,880కి అమ్మమన్నారు. అందుకని పేటెంట్ వాడకం గురించిన ఫారం 27 శ్రద్ధగా నింపండి, అక్కడ రాసిందే రేపు సాక్ష్యం అవుతుంది.

క్లినికల్ ట్రయల్ డేటా సంగతి కొత్తవాళ్లు తరచూ అడుగుతారు. కొత్త మందు డేటా మీద ఇంకొకరు ఆధారపడకుండా అమెరికాలో ఐదేళ్లు అడ్డు ఉంటుంది. ఇక్కడ అలాంటి గడువు పెట్టలేదు. పెట్టమని ఒత్తిడి ఉంది కానీ, జెనెరిక్ మీద బతికే కంపెనీలో జీతం తీసుకుంటూ నేను దానికి చేయెత్తలేను.

డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్, మందు తయారీ వివరాలన్నీ ఉండే ఫైలు) గురించి రెండు మాటలు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఇచ్చే డీఎంఎఫ్‌ను కస్టమర్ చూడడు, మనమిచ్చే ఆథరైజేషన్ లెటర్ పట్టుకుని ఎఫ్‌డీఏనే చూసుకుంటుంది. కస్టమర్‌కు ఓపెన్ పార్ట్, అంటే రహస్యం లేని భాగం, చాలు. మా దగ్గర ఒక కుర్రాడు కస్టమర్ పంపిన ప్రశ్నల పట్టికకు జవాబుగా రూట్ ఉండే క్లోజ్డ్ పార్ట్ పీడీఎఫ్ తగిలించేశాడు. రెండు ఫైళ్ల పేర్లలో తేడా ఒక్క అక్షరం! ఇప్పుడు క్లోజ్డ్ పార్ట్ వేరే సర్వర్లో ఉంటుంది, మెయిల్ చేయడానికి దారి లేదు.

ఉద్యోగం మానేసేవాళ్ల విషయంలో చట్టం సాయం తక్కువ. ట్రేడ్ సీక్రెట్స్‌కు విడిగా చట్టం తేవాలని 2024 మార్చిలో లా కమిషన్ 289వ నివేదికలో చెప్పింది. పోటీ కంపెనీలో చేరొద్దని రాయించుకున్న షరతు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 వల్ల మనిషి మానేశాక నిలబడదు. రహస్యం చెప్పనన్న ఒప్పందం వేరుగా రాయించుకుని, ఎవరు ఏ ఫైలు తెరిచారో లాగ్ ఉంచుకోండి.

మా నోటీసు విషయంలో చివరికి ఆ ఆరు పేజీలు ఆపి మిగతావి ఇచ్చారు. గేటు దగ్గర ఇప్పుడు ఎర్ర ట్రే పెట్టాం. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు ఏదొచ్చినా అందులో వేసి నాకు ఫోన్ చేయాలి. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది, కంగారుగా ఎత్తాను. ఓటరు లిస్టు సవరణ కాగితం.