కథల యాప్‌లో మా పాప వివరాలను కాపాడుకున్న తీరు: నా అనుభవం

కావలిలో మా ఇంటి వరండాలో కూర్చుని రెండో తరగతి చదివే మా పాప ఫోనులో కుందేలు కథ వింటుండగా, తెర పైఅంచున కుడివైపు చిన్న ఆకుపచ్చ గుర్తు వెలగడం గమనించాను. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు గానీ కెమెరా గానీ పనిచేస్తున్నప్పుడు కనిపించే గుర్తు అది. కథ వినడానికి మైకు ఎందుకు? సెట్టింగ్స్‌లో చూస్తే లొకేషన్, కాంటాక్టుల అనుమతులు కూడా ఇచ్చి ఉన్నాయి. తొందరలో అన్నింటికీ ‘అలౌ’ నొక్కింది నేనే. మూడింటినీ తీసేసినా కథలు ఎప్పటిలాగే వినిపించాయి. ప్రకటనలు చూపడానికి ఫోనును గుర్తుపట్టే కోడ్ అయిన ప్రకటనల ఐడీని కూడా తొలగించాను.

ప్రొఫైల్‌లోని పూర్తి పేరు, పుట్టిన తేదీ తీసేసి ముద్దుపేరు మాత్రం ఉంచాను. యూనిఫాం ఫొటోలో జేబు మీది బడి పేరు స్పష్టంగా చదవగలిగేలా ఉండటం నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది, దాన్నీ తీసేశాను.

ఫోనులోంచి యాప్‌ను తీసేసినంత మాత్రాన సర్వరులోని సమాచారం పోదు కాబట్టి, మైకు ద్వారా చేరిన పాత రికార్డింగులను తొలగించమని యాప్ వారికి ఈమెయిలు రాశాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుందని, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలంటుందని అందులో పేర్కొన్నాను. నాలుగు రోజులకు, తొలగించామని జవాబు వచ్చింది.